పలక బిగించినవాళ్ళు మళ్ళీ రావాలి

బంగ్లాదేశ్‌లో జమున, పద్మ నదుల నడుమ ఇసుక మేటలు వేసి పైకి తేలిన దిబ్బలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిని అక్కడ చర్ అంటారు. మన గోదావరి లంకల్లాంటివే. నదీకోత అంటే ఏమిటో లంకవాసులకు నేను చెప్పక్కర్లేదు. జమున కోత మరీ ఉధృతం. ఒక్క వరదలో ఊరికి ఊరు నీళ్ళలో కలిసిపోతుంది. జనం ఇంటి రేకులు, వాసాలు విప్పి పడవలో వేసుకుని, కొత్తగా మేట వేసిన మరో దిబ్బ వెతుక్కుంటారు. అలాంటి చోట కరెంటు స్తంభం ఎక్కడ పాతాలి? పాతినా వచ్చే ఏడాదికి ఆ నేల అక్కడుంటుందన్న భరోసా ఏది? కానీ ఆ రేకుల కప్పుల మీద సోలార్ పలకలు వెలిశాయి. ఇల్లు కదిలినప్పుడు పలకా, బ్యాటరీ కూడా రేకులతో పాటే పడవ ఎక్కుతాయి.

ఈ రోజు ఆ పలకల గురించి నాలుగు మాటలు చెబుతాను. అసలు చెప్పదలుచుకున్నది మాత్రం పలక బిగించాక కూడా నెలనెలా ఆ ఇంటికి వెళ్ళిన మనుషుల గురించి. బీద దేశాల పల్లెలకు సౌర విద్యుత్తు అనగానే మనం పలక గురించీ, ఎండ గురించీ, తగ్గిన ధర గురించీ మాట్లాడుకుంటాం. ధర తగ్గిన మాట నిజమే. అయితే ఒక ఇంట్లో దీపం పదేళ్ళు వెలుగుతుందా, రెండేళ్ళకే ఆరిపోతుందా అన్నది పలక తేల్చే విషయం కాదు. బంగ్లాదేశ్ ఈ సంగతిని తన గెలుపుతోనూ చూపింది, తన పొరపాటుతోనూ చూపింది. అందుకే ఆఫ్రికా గురించో, మొత్తం ప్రపంచం గురించో కాకుండా ఆ ఒక్క దేశం గురించి కాస్త వివరంగా చెబుతాను.

బంగ్లాదేశ్ పల్లెలకు కరెంటు ఇవ్వాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1977లోనే గ్రామీణ విద్యుదీకరణ బోర్డు పెట్టారు. దాని కింద పల్లీ విద్యుత్ సమితులని సహకార సంఘాలు పనిచేశాయి. మన సిరిసిల్లలో 1970లో మొదలైన విద్యుత్ సహకార సంఘం సెస్ తెలిసినవారికి ఆ పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. సమితులు మంచి పనే చేశాయి. కానీ నదులు, పాయలు, చిత్తడి పల్లాలు ముక్కలు ముక్కలుగా కోసిన దేశం అది. ఇళ్ళు చెల్లాచెదురుగా ఉంటాయి. ఉత్పత్తి అయ్యే కరెంటు ఉన్న పట్టణాలకే చాలేది కాదు. 2000 సంవత్సరం దాటాక కూడా దేశంలో సగానికి పైగా ఇళ్ళకు కరెంటు లేదు. పొద్దుగూకితే కిరసనాయిలు బుడ్డి, కాస్త ఉన్నవాళ్ళకు లాంతరు. ఆ బుడ్డి వెలుతురులో వంట, ఆ బుడ్డి పొగలోనే పిల్లల చదువు. చీర కొంగు అంటుకుంటుందేమో, పసివాళ్ళు తన్నేస్తారేమో అన్న భయం వేరే. బుడ్డిదీపం కింద చదువుకున్న తరం మన దగ్గర ఇంకా ఉంది. కళ్ళు మండటం, పొద్దున లేచేసరికి ముక్కులో మసి, ఇవన్నీ వాళ్ళకు గుర్తుండే ఉంటాయి.

అప్పుడు అక్కడ పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు కుటుంబం నుంచి 1996లో గ్రామీణ శక్తి అనే సంస్థ పుట్టింది. దాన్ని మొదటి నుంచీ నడిపినవారు దీపాల్ బారువా. ఆ రోజుల్లో పలకలు చాలా ఖరీదు. సౌర విద్యుత్తు అంటే విదేశీ దాతలు తెచ్చి, ఫోటో తీయించుకుని, బిగించి వెళ్ళిపోయే సామాను. కొన్నాళ్ళకు బ్యాటరీ చచ్చిపోయేది, పలక మీద బట్టలు ఆరేసేవారు. గ్రామీణ శక్తి ఇందుకు ఎదురుదారి పట్టింది. ఉచితంగా ఇవ్వం, అమ్ముతాం, వాయిదాల మీద అమ్ముతాం, వాయిదా తీసుకోవడానికి వచ్చినవాళ్ళే దీపం చూసి వెళతారు అంది. చిన్న మాటలాగే వినిపిస్తుంది గాని కథంతా ఈ మాటలోనే ఉంది.

2003లో ప్రభుత్వం ఈ పద్ధతిని దేశవ్యాప్తం చేసింది. ఇడ్కాల్ అనే ప్రభుత్వ రుణ సంస్థ ఉంది, రోడ్లు, విద్యుత్ కేంద్రాల వంటి వాటికి అప్పులివ్వడానికి పెట్టినది. ప్రపంచ బ్యాంకు తదితరుల డబ్బు దాని చేతికి వచ్చింది. ఇడ్కాల్ తానుగా ఊళ్ళకు వెళ్ళలేదు. గ్రామీణ శక్తితో మొదలుపెట్టి యాభైకి పైగా సంస్థలను ఎంచుకుంది. వాటిలో చాలావరకు ముందే పల్లెల్లో పాతుకున్నవి. పొదుపు, అప్పు, వైద్యం ఏదో ఒక పని మీద ఇంటింటికీ తిరిగినవి. సంస్థ ఒక ఇంటికి సెట్టు అమ్మేది. కొన్నవారు ధరలో పది పదిహేను శాతం ముందు కట్టేవారు. మిగిలింది మూడేళ్ళ పాటు నెలనెలా కట్టేవారు. ఆ అప్పులో అధిక భాగాన్ని ఇడ్కాల్ తక్కువ వడ్డీకి సంస్థకు తిరిగి ఇచ్చేది. ఆ డబ్బుతో సంస్థ ఇంకో ఇంటికి వెళ్ళేది. మొదట్లో ఒక్కో సెట్టుకు 90 డాలర్ల దాకా సాయం ఉండేది. పలకల ధర దిగే కొద్దీ ఆ సాయాన్నీ తగ్గించుకుంటూ వచ్చారు.

ఏ పలక పడితే ఆ పలక, ఏ బ్యాటరీ పడితే ఆ బ్యాటరీ పెట్టడానికి వీలుండేది కాదు. నిపుణుల సంఘం ఒకటి పరీక్షించి ఒప్పుకున్న సామానే వాడాల్సి ఉండేది. పలకకు ఇరవై ఏళ్ళు, బ్యాటరీకి అయిదేళ్ళు హామీ. ఇడ్కాల్ మనుషులు వెళ్ళి ఇళ్ళలో తనిఖీ చేసేవారు. పేదవాడికి అమ్మే వస్తువు కదా, ఎలా ఉన్నా చెల్లుతుందిలే అనుకోలేదు వాళ్ళు. ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే.

మామూలుగా ఆ సెట్టులో ఏముండేదో చెబుతాను. యాభై వాట్ల పలక ఒకటి, కారులో ఉండేలాంటి సీసపు బ్యాటరీ ఒకటి, మధ్యలో అరచేతిలో పట్టేంత ఛార్జ్ కంట్రోలర్. నాలుగు దీపాలు, ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, సెల్‌ఫోన్ ఛార్జింగు. పగటి ఎండకు ఆ పలక ఇచ్చేది సుమారు 200 వాట్ అవర్లు. అందులో కొంత దారిలోనే పోతుంది. మిగిలిన దానితో నాలుగు దీపాలు సాయంత్రం నాలుగు గంటల సేపు వెలిగి, టీవీ కాసేపు నడుస్తుంది. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె పావుగంట వాడితే అంత కరెంటూ అయిపోతుంది. ఆ లెక్క చూసి నవ్వుకోవద్దు. ఏమీ లేని ఇంటికీ నాలుగు దీపాలున్న ఇంటికీ ఉన్న దూరం, నాలుగు దీపాల ఇంటికీ ఏసీ ఉన్న ఇంటికీ మధ్య దూరం కన్నా చాలా పెద్దది.

కంట్రోలర్ పని బ్యాటరీని కాపాడటం. బ్యాటరీ మరీ అడుగంటితే పాడైపోతుంది, మరీ నిండినా పాడైపోతుంది. అందుకని ఛార్జి ఒక హద్దు కన్నా దిగగానే కంట్రోలర్ దీపాలు ఆపేస్తుంది. వానాకాలం మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే రాత్రి ఎనిమిదింటికే దీపం పోతుంది. ఇంటాయనకు చిరాకు. పక్కింటి కుర్రాడు వచ్చి కంట్రోలర్ తప్పించి తీగలు నేరుగా బ్యాటరీకి కలిపేస్తాడు. దీపం వెలుగుతుంది, అందరికీ సంతోషం. కొద్ది నెలల్లో బ్యాటరీ చచ్చిపోతుంది. సెట్టులో అన్నిటికన్నా ముందు పాడయ్యేది, మార్చాలంటే భారమయ్యేదీ అదే. ఇది ఇంటాయన తప్పని నేనను. ఎవరైనా వచ్చి కూర్చుని, మబ్బు రోజుల్లో టీవీ కట్టేసుకుంటే దీపం దక్కుతుందని ఓపికగా చెప్పాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పలక మీద దుమ్ము తుడవమనాలి. పెరట్లో చెట్టు పెరిగి నీడ పడుతుంటే కొమ్మ కొట్టమనాలి. బంగ్లాదేశ్‌లో వాయిదా వసూలుకు వచ్చినవాళ్ళు ఈ పనులన్నీ చేశారు. వాళ్ళు రాకపోతే ఇంటివాళ్ళు వాయిదా కట్టేవారు కాదు. దీపం వెలగకపోయినా కట్టేవారు కాదు. అంటే దీపం వెలిగితేనే సంస్థకు డబ్బు. పేదవాడి చేతికి ఇంతకన్నా పదునైన హక్కు ఇచ్చిన పథకాలు నేను ఎక్కువ చూడలేదు.

గ్రామీణ శక్తి మరో మంచి పని చేసింది. ఊళ్ళకు దగ్గర్లో సాంకేతిక కేంద్రాలు తెరిచి, మహిళా ఇంజనీర్ల చేత పల్లెటూరి ఆడవాళ్ళకు శిక్షణ ఇప్పించింది. కంట్రోలర్లు, దీపాల లోపలి సర్క్యూట్లు వాళ్ళే అతికి తయారు చేసేవారు, రిపేర్లూ చేసేవారు. మగవాళ్ళు పనికిపోయిన వేళ ఇంట్లోకి వచ్చి బాగు చేయాలంటే ఆడమనిషి అయితేనే వీలు. ఆ సమాజంలో అది చిన్న విషయం కాదు. సంతల్లో ఇంకో ఏర్పాటు ఉండేది. ఒక దుకాణదారు పెద్ద సెట్టు కొని, పక్క దుకాణాలకు తలా ఒక దీపం ఇచ్చి రోజుకింత అని తీసుకునేవాడు. టైలరూ, టీ కొట్టతనూ పొద్దుపోయాక కూడా రెండు గంటలు పని చేసుకోగలిగారు.

పలకలు ఎక్కింది ఇళ్ళ మీదకూ, దుకాణాల మీదకూ మాత్రమే కాదు. చలన్ బీల్ ప్రాంతం గురించి కూడా చెప్పాలి. వాయవ్య బంగ్లాదేశ్‌లో వానాకాలమంతా నీటిలో మునిగి ఉండే విశాలమైన పల్లం అది. మహమ్మద్ రెజ్వాన్ అనే ఆర్కిటెక్టు అక్కడ పడవల్లో బడులు నడిపారు. పిల్లలు బడికి వెళ్ళలేకపోతే బడే పిల్లల దగ్గరికి వెళ్ళింది. పడవ కప్పు మీద సోలార్ పలకలు, లోపల దీపాలు, కంప్యూటరు. ఆయన సంస్థ షిధులాయ్ 1998లో మొదలైంది, తొలి పడవ బడి 2002లో నీటి మీదకు దిగింది.

మళ్ళీ ఇడ్కాల్ కార్యక్రమానికి వస్తే, 2008 కల్లా 50 వేల ఇళ్ళకు సెట్లు పెట్టాలని అది గురి పెట్టుకుంది. 2005లోనే ఆ గురి దాటిపోయింది. 2012 చివరికి ఒక్క గ్రామీణ శక్తి పెట్టినవే పది లక్షలయ్యాయి. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద నెలకు యాభై వేలకు పైగా ఇళ్ళకు కొత్తగా సెట్లు బిగించారు. 2018లో కార్యక్రమం ముగిసేనాటికి మొత్తం 41 లక్షలు. దాదాపు 2 కోట్ల మంది ఆ వెలుగులో బతికారు. గ్రిడ్ కరెంటు లేని ఇళ్ళకు విడివిడిగా ఇంత పెద్ద ఎత్తున సౌర విద్యుత్తు ఇచ్చిన జాతీయ కార్యక్రమం అప్పటికి ప్రపంచంలో మరొకటి లేదు. నెలకు రెండు లీటర్ల దాకా కిరసనాయిలు మిగిలిందని ఇళ్ళ సర్వేల్లో తేలింది. పిల్లల చదువు సమయం కూడా పెరిగింది, కానీ కొద్దిగానే. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. దీపం వెలుతురునిస్తుంది. చదువు చెప్పే మేస్టారును తేవడం దీపం వల్ల కాదు.

ఇక అది ఎలా కుంగిపోయిందో చెప్పాలి. ఆ భాగం చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

2010ల మధ్యకు వచ్చేసరికి మూడు పనులు ఒకేసారి జరిగాయి. ఒకటి, ప్రభుత్వం గ్రిడ్ లైన్లను అంతకు ముందెన్నడూ లేనంత వేగంగా పల్లెలకు లాగింది. రెండు, టెస్ట్ రిలీఫ్, కాబిఖా అని అక్కడ పేదల సాయానికి పథకాలున్నాయి, మన పనికి ఆహార పథకం లాంటివి. ఆ నిధులతో సోలార్ సెట్లు ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. మూడు, బజారులో ఏ పరీక్షా లేని చవక పలకలు, చవక బ్యాటరీలు వచ్చిపడ్డాయి. నెలనెలా వాయిదా కట్టుకుంటున్న ఇంటివాళ్ళు చుట్టూ చూశారు. పక్కింటికి ఉచితంగా వచ్చింది. ఎదురింటాయన బజారులో సగం ధరకు కొన్నాడు. ఊరి చివర స్తంభాలు దింపారు, ఎన్నికల్లో నిలబడ్డవారు రేపో మాపో కరెంటు అంటున్నారు. ఇక మేమెందుకు కట్టాలి అన్నారు. ఆ అడగడంలో తప్పేముంది? వసూళ్ళు పడిపోయాయి. వసూళ్ళు పడిపోయాక సంస్థల దగ్గర జీతాలకు డబ్బు లేదు. జీతాలు లేక ఊళ్ళకు తిరిగే మనుషులు తగ్గారు. మనుషులు రాకపోయేసరికి పాడైన సెట్లు పాడైనట్టే ఉండిపోయాయి. అది చూసి వాయిదాలు మానేసినవాళ్ళు ఇంకా పెరిగారు. సంస్థలు ఇడ్కాల్‌కు బాకీ పడ్డాయి.

గ్రిడ్ రావడం తప్పని నేననడం లేదు. వచ్చి తీరాలి. మిల్లు ఆడాలన్నా, మోటారు నడవాలన్నా, ఫ్రిజ్‌లో మందులు పెట్టుకోవాలన్నా యాభై వాట్ల పలక చాలదు. 2022 మార్చిలో దేశమంతటా కరెంటు అందించామని బంగ్లాదేశ్ ప్రకటించుకుంది. నలభై అయిదేళ్ళ కష్టానికి అది న్యాయమైన గర్వం. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఏ ఊరికి ఏ సంవత్సరంలో లైను వస్తుందో ప్రభుత్వానికి తెలుసు, కనీసం తెలిసి ఉండాలి. సోలార్ సెట్టు కొనుక్కునే రైతుకు ఆ సంగతి తెలియదు. సెట్టు కొన్న ఏడాదిలోగా లైను వస్తే తరుగు పోను తిరిగి కొంటామన్న హామీ ఉండేది. అప్పు మాత్రం మూడేళ్ళది. పదహారో నెలలో లైను వస్తే మిగిలిన ఇరవై నెలల వాయిదాలు ఎవరివి? ఆ ఇంటివాళ్ళవే. యాభై వాట్ల సెట్టు ధర ఒకప్పుడు పాతిక వేల టాకాలు దాటేది. ప్రభుత్వంలోని ఒక శాఖ ఏం చేయబోతోందో ఇంకో శాఖకు చెప్పకపోతే, ఆ ఖర్చు మోసింది దిబ్బ మీద కూలీనాలీ చేసుకునే కుటుంబం.

ఇలాంటిదే ఇంకోటి. సంద్వీప్ అని బంగాళాఖాతంలో ఒక దీవి ఉంది. 2010లో అక్కడ దేశంలోనే మొదటి సోలార్ మినీగ్రిడ్ పెట్టారు, 100 కిలోవాట్లది. సంతలోని దుకాణాలకు దానితో కరెంటు వచ్చింది. యూనిట్ ఖరీదు ముప్పై టాకాల పైమాటే. అయినా డీజిల్ జనరేటర్ గోల కన్నా నయమని కొన్నారు. 2018లో సముద్రం అడుగున కేబుల్ వేసి ఆ దీవికి గ్రిడ్ కరెంటు తెచ్చారు, ఎన్నో రెట్లు చవకగా. దీవి జనానికి అది పండగే. ఎండని నమ్మి డబ్బు పెట్టినవారి గతి ఏమిటన్నది మాత్రం ముందుగా ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఆ పలకల కరెంటును గ్రిడ్‌లోకి తీసుకుని, యూనిట్‌కు ఇంత అని చెల్లించే ఒప్పందం మొదటి రోజే ఉంటే సరిపోయేది.

బ్యాటరీల సంగతి కూడా ఒక మాట. లక్షల బ్యాటరీలంటే టన్నుల కొద్దీ సీసం. పాత బ్యాటరీని పెరట్లో పగలగొట్టి కరిగిస్తే ఆ సీసం మట్టిలోకీ, పిల్లల రక్తంలోకీ పోతుంది. పాతవి వెనక్కి తీసుకుని సరైన కర్మాగారానికే పంపాలని ఇడ్కాల్ నియమం పెట్టింది. సంస్థల మనుషులు ఊళ్ళకు తిరిగినంత కాలం అది వీలయ్యే పని. బజారు సరుకు విషయంలో అడిగేవాడెవడు?

ఇప్పుడు ప్రపంచం చూపు ఆఫ్రికా మీద ఉంది. 2023 నాటి లెక్క ప్రకారం ప్రపంచంలో కరెంటు లేనివారు సుమారు 66 కోట్ల మంది. వారిలో నూటికి ఎనభై అయిదుగురు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లోనే ఉన్నారు. 2030 కల్లా అక్కడ 30 కోట్ల మందికి కరెంటు ఇస్తామని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి మాట ఇచ్చాయి. కెన్యాలో ఫోన్ ద్వారా డబ్బు కట్టే ఎం-పెసా 2007 నుంచి ఇంటింటికీ పాకింది. దాన్ని ఆసరా చేసుకుని సోలార్ సెట్లు రోజువారీ వాయిదాకు అమ్మే కంపెనీలు వచ్చాయి. వసూలుకు మనిషి రానక్కర్లేదు. కట్టకపోతే దూరం నుంచే దీపం ఆపేస్తారు. తెలివైన పద్ధతే, దానివల్ల లక్షల ఇళ్ళకు వెలుగు వచ్చింది. కానీ నాకు ఒక బెంగ ఉంది. బంగ్లాదేశ్‌లో దీపం పాడైతే ఇంటివాళ్ళు డబ్బు ఆపేవారు. ఈ ఫోన్ పద్ధతిలో డబ్బు ఆగితే కంపెనీ దీపం ఆపుతుంది. పట్టు చేతులు మారింది. ఆ దేశాల ప్రభుత్వాలు కనీసం ఫిర్యాదు చేసిన ఇన్ని రోజుల్లో బాగు చేయాలన్న నిబంధనైనా గట్టిగా పెట్టాలి.

మన దగ్గరా ఈ ప్రశ్న ఉంది. నల్లమల లోపలి చెంచు పెంటల్లో, తూర్పు కనుమల్లో కొండరెడ్ల గూడేల్లో లైను లాగడం కష్టమైన చోట్లు ఇంకా ఉన్నాయి. అడవి, అభయారణ్యం నియమాలు, ఏటవాలు కొండలు, ఒక్కో చోట పది పన్నెండు ఇళ్ళు. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఇలాంటి ఆదిమ గిరిజనుల ఇళ్ళకు సోలార్ సెట్లు ఇవ్వడానికి కేంద్రం వీలు కల్పించింది. వాళ్ళకు ఉచితంగా ఇవ్వడమే న్యాయం, అందులో రెండో మాట లేదు. అయితే ఉచితంగా ఇచ్చినప్పుడు, వాయిదా కోసం వచ్చే మనిషి ఉండడు. ఆ మనిషిని ప్రభుత్వమే జీతమిచ్చి పంపాలి. లేకపోతే ఏమవుతుందో ఏజెన్సీలో తిరిగినవారికి తెలుసు. బ్యాటరీ పోయి, స్తంభం మాత్రం మిగిలిన సోలార్ వీధి దీపాలు ఎన్ని కనబడవు?

గ్రామసభలకు వెళ్ళే శ్రోతలకూ, సర్పంచులకూ, గిరిజన ప్రాంతాల్లో పనిచేసే అధికారులకూ నా మనవి ఒకటే. మీ ఊరికి సోలార్ దీపాలో, పంపో మంజూరైనప్పుడు కాగితం మీద సంతకం పెట్టేముందు అడగండి. దీపం ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజుల్లో వస్తారు, అయిదేళ్ళ తర్వాత బ్యాటరీ మార్చే డబ్బు ఏ పద్దులో ఉంది? మన గూడెం ఆడపిల్లల్లో ఒకరిద్దరికి రిపేరు పని నేర్పించి, ఆ జీతం వాళ్ళకే ఇవ్వగలరా అని కూడా అడగండి. జవాబులు ఒప్పందంలో రాయించండి. రాయకపోతే సంతకం ఆపండి.